ఊళ్లు తిరగడానికీ, ఆటలు తీయడానికీ ఒకే జూమ్ లెన్స్ కావాలంటే

క్రాప్ సెన్సర్ కెమెరా (ఫొటో పట్టే సెన్సర్ కాస్త చిన్నగా ఉండేది), అరవై వేల బడ్జెట్, ఏడాదికి రెండు మూడు టూర్లు, మధ్యలో అబ్బాయి స్కూల్ క్రికెట్ మ్యాచ్‌లు. వీటన్నిటికీ కలిపి ఒకే టెలిఫొటో జూమ్ (దూరపువాటిని దగ్గరికి లాగే లెన్స్) చెప్పమని మీరు అడిగారు. ఆ "ఒకే" దగ్గరే నాకు పేచీ. టూర్‌కి కావలసింది బరువు తక్కువ లెన్స్. ఆటలకి కావలసింది వెలుతురు ఎక్కువ లాగే లెన్స్. ఈ రెండింటికీ అస్సలు పడదు. రెండు గుణాలూ కాస్త కాస్త ఉన్నవి కంపెనీలు తయారు చేస్తాయి, కాదనను. కాకపోతే ఆ ధరకి బజాజ్ షోరూమ్‌లోంచి కొత్త బండి తోలుకొచ్చుకోవచ్చు.

మీ ప్రశ్న వరకూ నా జవాబు చిన్నదే. ముందు తేలికపాటి లెన్స్ ఒకటి కొనండి. కెమెరా ఏ కంపెనీదో చెప్పలేదు మీరు. కెనాన్ డీఎస్ఎల్ఆర్ అయితే 55-250 ఎస్‌టీఎం (ఈ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెద్దదైతే దూరం ఎక్కువ లాగుతుంది), 375 గ్రాములు. నికాన్ డీఎస్ఎల్ఆర్ అయితే డీఎక్స్ 70-300 ఏఎఫ్-పీ వీఆర్, 415 గ్రాములు. పాత నికాన్ బాడీల్లో కొన్నిటికి ఏఎఫ్-పీ లెన్స్‌తో ఆటో ఫోకస్ రాదు, మీ మోడల్ సంగతి చూసుకుని కొనండి. సోనీ మిర్రర్‌లెస్ అయితే 70-350, 625 గ్రాములు. కొత్తదైతే మీ బడ్జెట్ దాటుతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి.

"250 ఏం సరిపోతుందండీ, 600 లేకపోతే క్రికెట్ ఎలా తీస్తారు" అనేవాళ్లు మీకు ఈపాటికే తగిలి ఉంటారు. లెక్క వేసి చూద్దాం. స్కూల్ గ్రౌండ్‌లో బౌండరీ దగ్గర నిలబడితే పిచ్ మహా అయితే యాభై మీటర్లు. అంత దూరం నుంచి కెనాన్ క్రాప్ కెమెరాలో 250 పెడితే ఫ్రేమ్‌లో పట్టే ఎత్తు మూడు మీటర్లు. అయిదడుగుల పిల్లాడు అందులో సగం నిండుగా ఉంటాడు. పైన కొట్టిన బంతికీ, కింద లేచిన దుమ్ముకీ జాగా కావాలి కదా, ఇంతకన్నా దగ్గరికి లాగి ఏం చేస్తారు? పగటిపూట మ్యాచ్ కాబట్టి వెలుతురుకీ లోటుండదు. 1/1600 సెకను షట్టర్ స్పీడ్ హాయిగా పెట్టుకోవచ్చు.

అక్కడితో మీ పని అయిపోయింది. ఇక్కడినుంచి నా గోడు.

మనవాళ్లకి లెన్స్ అంటే దూరం లాగడమే. "ఎంత దూరం లాగుద్ది?" అనేదే మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న. తీసేవాడు ఎక్కడ నిలబడతాడు, అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది అని ఒక్కరూ అడగరు. యూట్యూబ్ రివ్యూల వాళ్లు మరీను. మేడ మీద నిలబడి అవతలి వీధిలో నీళ్ల ట్యాంకు మీద ఉన్న కాకిని తీసి, "చూడండి, ఈక ఈకా కనపడుతోంది" అంటారు. కాకి కదలదు, ఎండ మండిపోతోంది, ఆయన మేడ మీద నీడలో ఉన్నాడు. ఆటలు తీసే చోట ఈ మూడూ కలిసి దొరకవు.

మాది పల్నాడు. మా వైపు తిరునాళ్లకి ఒంగోలు గిత్తల బండ లాగుడు పోటీలు జరుగుతాయి. దాన్ని ఆట అనరు అనేవాళ్లు ఒకసారి వచ్చి చూడండి, తర్వాత మాట్లాడదాం. గిత్తల వయసుని బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. ఇచ్చిన టైములో ఏ జత బండని ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. మైకులో ఆయన అడుగులూ సెకన్లూ చెబుతుంటే జనం ఈలలు. పోటీలు పొద్దున మొదలైనా పెద్ద జతల వంతు వచ్చేసరికి చాలాసార్లు చీకటి పడుతుంది.

మా బావమరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడు ఆ ఏడు కొత్త 150-600 పట్టుకుని దిగాడు. దాదాపు రెండు కిలోలు, దానికో మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), ఆకులూ కొమ్మలూ అచ్చేసిన గుడ్డ తొడుగు. గిత్తల పోటీలో తొడుగు దేనికో నాకిప్పటికీ తెలియదు. ఊళ్లో పిల్లలు మాత్రం వాడి చుట్టూ మూగారు. నా చేతిలో ఉన్నది పాత తెల్ల 70-200 ఎఫ్2.8 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ లాగుతుంది). కెనాన్ 1995లో తెచ్చిన మోడల్, స్టెబిలైజర్ లేనిది, పెయింట్ అక్కడక్కడా ఊడింది. "ఇంకా దీన్నే మోస్తున్నావా బావా" అన్నాడు.

బండ లాగుడులో ఫొటో ఎక్కడుంటుందంటే, మలుపులో. తిన్నగా పరిగెత్తేటప్పుడు ఏ జతైనా ఒకేలా కనపడుతుంది. గీత దాకా వచ్చాక గిత్తల్ని వెనక్కి తిప్పాలి. బండ పక్కకి జారుతుంది, లోపలి గిత్త ముంగాళ్లు మట్టిలో దిగబడతాయి, బయటి గిత్త మెడ కాడి కింద వంకర తిరిగి నోట్లోంచి నురగ ఎగురుతుంది. తోలేవాళ్లలో ఒకరు చర్నాకోల ఎత్తి, ఇంకొకరు మడమలు నేలలో తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి పగ్గం పట్టుకుంటారు. మొత్తం రెండు మూడు సెకన్ల పని. నేను నిలబడే చోటుకి ఆ మలుపు పది మీటర్లుంటుంది.

పది మీటర్ల దూరంలో 150 పెడితే క్రాప్ కెమెరాలో అడ్డంగా పట్టేది మీటరున్నర. 600 సంగతి దేవుడెరుగు, ఆ లెన్స్ పూర్తిగా వెనక్కి తిప్పినా మీటరున్నరే. వాడికి ఒక గిత్త మొహం, రెండోదాని కొమ్ము పడ్డాయి. తోలేవాళ్లు అసలు లేరు. ఇలా కాదని వెనక్కి పోతే ముందు జనం తలకాయలు. ఒక పెద్దాయన తువ్వాలు తలకి చుట్టుకుని సరిగ్గా లెన్స్ ముందే తిష్ట వేశాడు. వాడు తాడు దాటి లోపలికి రాబోతే కమిటీవాళ్లు "అబ్బాయ్, లోపలికి రామాక, పొడిస్తే మాకు తలనొప్పి" అని వెనక్కి తోశారు. నా లెన్స్‌లో 70 దగ్గర మూడు మీటర్లకి పైగా పడుతుంది. రెండు గిత్తలూ, కాడీ, పగ్గం పట్టుకున్న మనిషీ అందరూ ఉన్నారు.

నన్నెందుకు తాడు లోపలికి రానిచ్చారంటారా? ప్రతి ఏడూ గెలిచిన జత ఫొటో పెద్ద సైజులో ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి యజమానికిస్తాను. ఒకటి కమిటీవాళ్లకి. అవి టీ కొట్లో వేలాడుతుంటాయి. ఆ ప్రింట్లకి అయిన ఖర్చు నా లెన్స్ ధరలో పదో వంతు కూడా ఉండదు, కానీ నన్ను మలుపు దగ్గర నిలబెట్టేవి అవే. మీరూ మీ అబ్బాయి పీఈటీ సారుకి నాలుగు ఫొటోలు పంపి చూడండి. తర్వాతి మ్యాచ్‌కి కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఇక చీకటి పడ్డాక కథ. 150-600 లో 600 దగ్గర ఎఫ్6.3 కన్నా ఎక్కువ తెరుచుకోదు. వెనక్కి తిప్పితే ఎఫ్5. నాది ఎఫ్2.8. మధ్యలో ఎక్కడో ఆపితే ఎఫ్5.6. 2.8 నుంచి 5.6 కి పోతే సెన్సర్ మీద పడే వెలుతురు నాలుగో వంతే. అంటే నాకు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 3200 తో వచ్చే ఫొటో వాడికి 12800 కావాలి. ఐఎస్ఓ అంత పెంచలేక వాడు షట్టర్ స్పీడ్ 1/200 కి దించాడు. "స్టెబిలైజర్ ఉందిగా" అన్నాడు. స్టెబిలైజర్ మన చెయ్యి వణకడాన్ని ఆపుతుంది కానీ గిత్త కాలుని ఆపదు కదా! వెనక నిలబడ్డ జనం, కట్టిన తాడు, టెంటు గుంజ అన్నీ పదునుగా వచ్చాయి. గిత్తల కాళ్లు మాత్రం ఊదారంగు పొగ. ఆటలకి 1/800 పైన పెట్టి తీరాల్సిందే కాబట్టి, స్టెబిలైజర్ లేని పాత ఎఫ్2.8 జూమ్‌లు చవగ్గా దొరికితే భయపడొద్దని నేను చెప్పేది అందుకే. అది లేదనే లోకం వాటిని చులకన చేసింది. మనకి మంచిదేగా.

చీకటి పడ్డాక గ్రౌండ్‌లో వేసే ఫోకస్ లైట్ల (ఫ్లడ్ లైట్ల) గురించి ఒక ముక్క. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు చాలావాటిల్లో వెలుగు సెకనుకి వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియదు. 1/1000 లో వరసగా నాలుగు కొడితే ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి చీకటిగా వస్తుంది. లెన్స్ పాడైందని టెన్షన్ పడి షాపుకి మోసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు. చాలా కెమెరాల మెనూలో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకుంటే చాలావరకూ సర్దుకుంటుంది. మీ అబ్బాయి రేపు షటిల్‌కో వాలీబాల్‌కో మారి ఇండోర్ స్టేడియంలో ఆడితే ఇది మొదట గుర్తు పెట్టుకోవలసిన సంగతి. అప్పుడే ఎఫ్2.8 అవసరం కూడా. అప్పటికైనా కొనక్కర్లేదు, ఫైనల్స్ ఉన్న రోజుకి అద్దెకి తెచ్చుకోండి. హైదరాబాద్, విజయవాడల్లో రోజు లెక్కన ఇస్తారు.

టీవీలో కనపడే క్రికెట్ ఫొటోగ్రాఫర్లని చూసి మనసు పారేసుకోవద్దు. వాళ్ల చేతిలో ఉండే 400 ఎఫ్2.8 లాంటివి పది లక్షల పైమాట. అనుమతి కార్డు ఉంటుంది, కూర్చునే చోటు ఉంటుంది. మనం టికెట్ కొనుక్కుని ఉప్పల్ స్టేడియానికి వెళితే గేటు దగ్గరే కెమెరా ఆపేస్తారు. ఇంత లెన్స్ కొని దాన్ని క్లోక్ రూమ్‌కి చూపించడానికా?

ఎండ ఇంకో శత్రువు. వేసవిలో మా రెంటచింతల వైపు మిట్టమధ్యాహ్నం వంద మీటర్ల అవతల ఏదున్నా, వేడి గాలికి అలలు అలలుగా ఊగుతుంది. ఎంత పెద్ద లెన్స్ పెడితే ఊపు అంత పెద్దగా కనపడుతుంది. లక్ష పెట్టినా, పది లక్షలు పెట్టినా అంతే. పొద్దున తొమ్మిదిలోపు తీయాలి, లేదా దగ్గరికి నడవాలి.

టూర్ల సంగతికొస్తే, నా పాత 70-200 ఎఫ్2.8 ఒకటీ పావు కిలో పైనే. విమానంలో చేతి సామాను ఏడు కిలోలే ఇస్తారు. అందులో మీ ఛార్జర్లు, పిల్లల బిస్కెట్లు, మీ ఆవిడ పచ్చళ్ల సీసా. ఆ పచ్చడి సెక్యూరిటీ వాళ్లు తీసేసినా తీసేస్తారు, అది వేరే గొడవ. బరువైన లెన్స్ మొదటి రోజు మెడలో ఉంటుంది, రెండో రోజునుంచి లాడ్జి గదిలో ఉంటుంది. 375 గ్రాములదైతే హంపిలో మాతంగ కొండ ఎక్కినా మోస్తున్నట్టే ఉండదు. నాగార్జునకొండ లాంచీలో స్టెబిలైజర్ ఉన్న చిన్న లెన్సే మేలు. ఆసరాకని రెయిలింగ్ మీద మోచేతులు పెట్టకండి, ఇంజిన్ అదురంతా కెమెరాకి ఎక్కుతుంది. నిలబడి మోకాళ్లు కొంచెం వదులు చేసి తీయండి.

ప్రయాణాల్లో టెలిఫొటో దూరపు పక్షికే అనుకుంటారు. కోటప్పకొండ తిరునాళ్లకి శివరాత్రినాడు ప్రభలు (అలంకరించి నిలబెట్టిన ఎత్తైన కట్టడాలు) వస్తాయి కదా. ప్రభ మొదట్లో నిలబడి తీస్తే ప్రభ ఒక్కటే ఆకాశమంత, కొండ ఎక్కడో చీమంత. బాగా వెనక్కి నడిచి 200 పెట్టి తీయండి. ప్రభల వరసంతా ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు దగ్గరవుతుంది, కొండ వాటి వెనకే నిలువెత్తున లేస్తుంది. ఈ పనికి ఎఫ్2.8 అక్కర్లేదు, 600 అసలే అక్కర్లేదు. కావలసిందల్లా నడిచే ఓపిక, కాస్త ఎత్తుగా నిలబడటానికి ఎవరిదైనా ట్రాక్టరు తొట్టి.

సెకండ్ హ్యాండ్ అన్నాను కాబట్టి, కొనేటప్పుడు చూడాల్సినవి కూడా చెబుతాను. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో తిరగండి, నాలుగు కొట్లు చూడందే ధర ఒప్పుకోవద్దు. ఫోన్ టార్చ్ వెనకనుంచి కొట్టి లెన్స్ లోపల చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే అది ఫంగస్, ముట్టుకోకండి. తుడిస్తే పోతుందని కొట్టువాడు ఒట్టు పెట్టి చెబుతాడు. సముద్రం పక్క ఊళ్లనుంచి వచ్చినవాటికి ఇది మరీ ఎక్కువ. చిన్న చిన్న దుమ్ము రేణువులుంటే పర్వాలేదు, ఫొటోలో తెలియదు. మీ కెమెరాకి తగిలించి, జూమ్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పుతూ ఫోకస్ పడుతోందో లేదో చూడండి. లెన్స్ కిందికి వంచి పట్టుకుంటే జూమ్ గొట్టం దానంతటదే జారిపోతోందా చూడండి. ఇంటికొచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, తోలు సంచిలో వద్దు.

ఎఫ్2.8 జూమ్ కొనే రోజు వస్తే మాత్రం, ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ని స్టాండుకి బిగించే పట్టీ) ఉందా అని ముందే అడగండి. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, బేరం కుదిరాక విడిగా డబ్బులడిగే కొట్లున్నాయి.