గణాంక పరీక్షల మాడ్యూల్‌ను ప్యాకేజీగా మార్చినప్పుడు నాకు ఎదురైనవి

డేటా నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌కి సరిపోతుందో లేదో చూసే నాలుగైదు పైథాన్ ఫంక్షన్లు రాసుకున్నారు, వాటిని పైథాన్ ఇన్‌స్టాలర్ అయిన పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీగా ఎలా మార్చాలని అడిగారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. ఫోల్డర్లు అమర్చుకోవడం, పైప్రాజెక్ట్ టామల్ (pyproject.toml) అనే ఫైల్‌లో పేరు, వెర్షన్, డిపెండెన్సీలు రాయడం ఒక పూటలో అయిపోతుంది. నన్ను తిప్పలు పెట్టినవి వేరే రెండు. (ఇక్కడి నుంచి గణాంకాలకు సంబంధించినదాన్ని పరీక్ష అనీ, కోడ్‌ని సరిచూసేదాన్ని టెస్టు అనీ అంటాను.)

మొదటిది పట్టిక. నా మాడ్యూల్‌లో డేటా నార్మలా కాదా అని చూసే లిలియఫోర్స్ పరీక్ష ఉంది. దాని క్రిటికల్ విలువలను (ఏ హద్దు దాటితే డేటా నార్మల్ కాదనాలో చెప్పే అంకెలను) ఒక సీఎస్‌వీ ఫైల్‌లో పెట్టుకున్నాను. నా మెషీన్ మీద టెస్టులన్నీ పాసయ్యాయి. పైథాన్ ప్యాకేజీలను అందరికీ అందించే పైపీఐ సైట్‌లో పెట్టిన సాయంత్రమే, ఫైల్ దొరకడం లేదని ఎర్రర్ వస్తోందంటూ ఒకరు రాశారు. ఇన్‌స్టాల్ కోసం తయారయ్యే ప్యాకేజీ ఫైల్ అయిన వీల్‌లోకి పైథాన్ ఫైళ్లు వెళ్లాయి కానీ సీఎస్‌వీ వెళ్లలేదు. నా టెస్టులేమో ఇన్‌స్టాలైన ప్యాకేజీని కాకుండా పక్కనే ఉన్న సోర్స్ ఫోల్డర్‌ను చదువుతున్నాయి, అందుకే నాకు తెలియలేదు. అందుకని కోడ్‌ను ఎస్ఆర్‌సీ అనే ఫోల్డర్ లోపల పెట్టండి. పట్టికను ప్యాకేజీ డేటాగా ప్రకటించి, ఇంపోర్ట్‌లిబ్ రిసోర్సెస్ ద్వారా చదవండి. వీల్ అంటే జిప్ ఫైలే, కాబట్టి విప్పి లోపల ఏముందో కళ్లారా చూడొచ్చు. ఆ తర్వాత ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసి అక్కడే టెస్టులు నడపండి. ఒకసారి పైపీఐకి ఎక్కించిన ఫైల్‌ను తీసేసినా, మళ్లీ అదే పేరుతో ఎక్కించనివ్వదు, వెర్షన్ నంబర్ మార్చాల్సిందే. ముందు ప్రయోగాల కోసం ఉన్న టెస్ట్ పైపీఐలో పెట్టి చూస్తే ఆ టెన్షన్ ఉండదు.

రెండోది ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ ఎర్రర్ ఏదీ రాదు. నా మొదటి వెర్షన్‌లో డేటాకూ నార్మల్ గీతకూ మధ్య అత్యధిక తేడాను కొలిచే కొల్మొగొరొవ్-స్మిర్నొవ్ పరీక్షకు సగటు, స్టాండర్డ్ డీవియేషన్ ఇవ్వకపోతే ఆ డేటా నుంచే లెక్కగట్టి వాడుకునేలా రాశాను. అది వాడేవాళ్లకు సౌకర్యమనుకున్నాను. కానీ ఆ పరీక్ష పట్టిక, సగటు మనకు ముందే తెలుసన్న షరతు మీద తయారైంది. డేటా నుంచే తీసుకుంటే గీత డేటాకు దగ్గరగా జరిగిపోతుంది, తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 30 పరిశీలనలకు 5 శాతం స్థాయిలో (అంటే నిజంగా నార్మల్ అయిన డేటాను పొరపాటున తిరస్కరించే అవకాశం 5 శాతం) మామూలు పట్టిక విలువ 0.242. 1967లో లిలియఫోర్స్ ఈ సందర్భం కోసమే ఇచ్చిన విలువ 0.161. అంత తేడా ఉంటే నార్మల్ కాని డేటా కూడా దర్జాగా పాసైపోతుంది. నా మాడ్యూల్ వాడినవాళ్లకు కొన్ని నెలలు అలాగే జరిగింది. ఆ సంగతి తెలిశాక చాలా బాధపడ్డాను.

దాన్ని పట్టుకునే టెస్టు చాలా తేలిక, మొదటి రోజే రాయండి. నిజంగా నార్మల్ అయిన శాంపిళ్లు 10,000 పుట్టించి, 5 శాతం స్థాయిలో ఎన్నింటిని మీ ఫంక్షన్ తిరస్కరిస్తుందో లెక్కపెట్టండి. 500కి అటూ ఇటూ రావాలి. యాదృచ్ఛికంగా వచ్చే తేడా మహా అయితే నలభై, యాభై. నా పాత కోడ్ తిరస్కరించినవి 1 శాతం కన్నా కూడా చాలా తక్కువ. ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలయ్యే అంకె) స్థిరంగా పెట్టుకోండి, లేకపోతే ఈ టెస్టు ఎప్పుడో ఒకసారి ఊరికే ఫెయిలవుతుంది.

షాపిరో-విల్క్ అనే మరో నార్మల్ పరీక్ష సైపై లైబ్రరీలో ఉంది, మళ్లీ రాయకండి. శాంపిల్ 5000 దాటితే దాని పీ-విలువ (డేటా నార్మల్ అయితే ఇంత తేడా రావడానికి ఉన్న సంభావ్యత) అంత కచ్చితంగా ఉండకపోవచ్చని సైపై హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను మీ ఫంక్షన్ మింగేయకూడదు. నంపై లైబ్రరీకి ఒకే వెర్షన్ అని బిగించకండి, కనీస వెర్షన్ ఇస్తే చాలు.

మీ ఫంక్షన్లలో ఏదైనా సగటును డేటా నుంచే తీసుకుంటోందా? ముందు అది చూసుకుని, ఆ తర్వాతే మొదటి వెర్షన్ ఎక్కించండి.