హర్షకు, హాలు నిండకముందే

చిరంజీవి హర్షకు పెద్దమ్మ ఆశీస్సులు.

మన బడి పూర్వ విద్యార్థుల కలయికలో ఎనభైల నాటి మన బడి కంప్యూటర్ బీబీసీ మైక్రోను మళ్లీ బతికిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్ మీద ఆ పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్, నాలుగు బల్లలు, ఆటలాడే ఎనిమిది వైర్‌లెస్ ప్యాడ్‌లు! ముందు పొంగిపోయి పక్కింటావిడను పిలిచి మరీ చెప్పాను. ఆమె వెళ్లాక దిగులు మొదలైంది.

నీ గదిలో అర్ధరాత్రి దాకా ఆడి చూశావట, ఒక్కసారి కూడా కనెక్షన్ పోలేదట. ఆ గదిలో నువ్వొక్కడివే ఉన్నావు నాయనా. ఆ రోజు హాలు నిండా మనుషులుంటారు, ప్రతి జేబులోనూ ఫోను ఉంటుంది. బ్లూటూత్, చాలా వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తోసుకుంటాయి. పైగా మనిషి ఒంట్లోని నీరు ఆ తరంగాలను పీల్చేస్తుంది. ప్యాడ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఇద్దరు అడ్డంగా నిలబడితే చాలు. కాబట్టి ఖాళీ హాలులో కాదు, పదిమందిని పోగుచేసి పరీక్షించు.

ప్యాడ్‌లు ముందురోజే ఛార్జింగ్‌కు పెట్టు. ఇది చెప్పాల్సిన మాట కాదు, కానీ నీ సంగతి నాకు తెలుసు. నీ రాస్‌ప్‌బెర్రీ బోర్డులో వైఫై, బ్లూటూత్‌లకు ఉన్నది ఒకే చిప్పు. ఆ రోజు ఇంటర్నెట్‌తో పనేముంది, వైఫై ఆపేయి. అల్యూమినియం డబ్బాలో బిగించి ఫొటో పంపావు, ముచ్చటగానే ఉంది. ఇనప్పెట్టెలో కూర్చుని కేకేస్తే వీధిలోకి వినబడుతుందా? ప్లాస్టిక్‌ది తెచ్చుకో. ఆటలున్న హార్డ్ డిస్కును నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించే ఉంటావు. అది పనిచేస్తున్నంతసేపూ ఆ 2.4 దగ్గరే రొద పెడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పత్రం వెలువరించారు. డాంగిల్, అంటే సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క, ఉన్న ప్యాడ్‌లయితే దాన్ని డిస్కు పక్కన గుచ్చకు, ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల ముందుకు తెచ్చి పెట్టు.

కరెంటంటే నాకు ఇప్పటికీ భయమే. ఎండాకాలం మధ్యాహ్నం కడపలో ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే వోల్టేజీ ఎలా ఉంటుందో చూసినదాన్ని. పాత ఫోను ఛార్జర్లతో నడిపిస్తే ఊరుకోను. 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చేదే కావాలి. తెర మూల మెరుపు గుర్తు కనబడిందంటే బోర్డుకు కరెంటు చాలడం లేదని అర్థం. అప్పుడు ప్యాడ్ మీద కోప్పడి లాభం లేదు.

ఇక ఈ ఉత్తరం అసలు రాసింది ఎందుకంటే.

1987లో మా కంప్యూటర్ గదికి ఒక జాయ్‌స్టిక్ జత వచ్చింది. ప్రభుత్వం ఇచ్చింది కాదు, తోటి మాస్టారి బావమరిది ఇంగ్లండు నుంచి తెచ్చింది. అరువు వస్తువు కదా, దాన్ని చూస్తేనే నాకు గుండెదడ. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆడుతుండగా తెర మీది బొమ్మ దానంతటదే ఎడమకు పోవడం మొదలైంది. "నేనేమీ చేయలేదు టీచర్" అంది. అంత గట్టిగా లాగితే విరగకేమవుతుందని నలభై మంది ముందు తిట్టి, ఆ ఏడాదంతా కంప్యూటర్ గదికి రావద్దన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. జాయ్‌స్టిక్‌ను బల్ల మీద మెల్లగా, రెండు చేతులతో పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత బేసిక్ భాషలో రెండు లైన్లు రాసి, ఆ జాయ్‌స్టిక్ పంపే విలువను అడ్వాల్ అనే ఆదేశంతో తెర మీద వరసగా అచ్చు వేయించాను. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. కర్ర నడిమధ్య ఉంటే 32 వేల దగ్గర నిలబడాల్సిన అంకె, పూర్తిగా ఎడమకు లాగినట్టు 65,520కి ఎగురుతోంది, పడుతోంది, మళ్లీ ఎగురుతోంది. విప్పి చూస్తే లోపలి కార్బన్ పట్టీ మీద మన ఊరి దుమ్ము. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే రెండు నిమిషాల్లో బాగైంది. మాస్టారికి వెంటనే చెప్పాను. ఆ పిల్లకు కబురు పంపడానికి నాకు మూడు రోజులు పట్టింది. కబురు అందినా రాలేదు. పదో తరగతిలోనూ రాలేదు.

నీ ప్యాడ్‌లకూ దుమ్ము పట్టవచ్చు గానీ, ఆ రోజు వాటి అసలు జబ్బు గాలిలోదే. కనెక్షన్ తెగినప్పుడు ఒక్కోసారి చివరగా నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోతుంది, బొమ్మ గోడకేసి పరుగెడుతూనే ఉంటుంది. చూసేవాళ్లకు ఆడేవాడి తప్పులాగే కనబడుతుంది. ముందు ప్యాడ్ పంపేది చూపించే జెఎస్‌టెస్ట్ ప్రోగ్రాం తెరిచి అంకెలు చూడు. ప్యాడ్ తిరిగి కలిసినా దానికి కొత్త సంఖ్య పడవచ్చు. పాత సంఖ్య కోసమే ఎదురుచూసే ఎమ్యులేటర్‌ను మూసి తెరవాల్సిందే. ఆ లోపు ఆట ఆగకుండా ప్రతి బల్ల మీదా ఒక కీబోర్డు ఉంచు. బీబీసీ ఆటలు చాలావరకు జెడ్, ఎక్స్ మీటలతో ఎడమకూ కుడికీ నడిచినవే, అట్ట ముక్క మీద రాసి పెడితే చాలు.

నేను తొమ్మిదికల్లా వస్తాను. ఆ పిల్ల పేరు ఉత్తరంలో రాయను, ఫోనులో చెబుతాను. వచ్చేవాళ్ల జాబితాలో ఉందేమో చూడు. ఉంటే, ఆమె కూర్చునే బల్ల దగ్గర మాత్రం తీగ ఉన్న ప్యాడ్ పెట్టు.

నీ పెద్దమ్మ