టెక్ సందేహాలు: డిప్పర్ కొడితే హెడ్‌లైట్ లోపల ఏం మారుతుంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు కారు లైట్ల గురించే ఉన్నాయి. రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటుకు కళ్లు బైర్లు కమ్మని డ్రైవరు మన రోడ్ల మీద ఉండడు. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను.

నాది పన్నెండేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. హై బీమ్ (దూరం కొట్టే లైటు) వేసినా, డిప్ (కిందికి దించిన లైటు) చేసినా ముందు వైపు చప్పుడేమీ ఉండదు. మా బావ కొత్త కారులో మాత్రం హై బీమ్ వేసినప్పుడల్లా హెడ్‌లైట్ లోంచి 'టక్' మని వినిపిస్తుంది. డిప్ అంటే బల్బుకు కరెంటు తగ్గించడమే కదా, మరి ఆ చప్పుడేమిటి? (కరీంనగర్ పాఠకుడు)

కరెంటు తగ్గించడం కాదండీ. మీ కారులో ఉండేది బహుశా హెచ్‌4 బల్బు. దాని పెట్టె మీద 60/55 వాట్లు అని రాసి ఉంటుంది, చూడండి. హై బీమ్‌కి 60, డిప్‌కి 55. తేడా అయిదు వాట్లే. డిప్‌లో వెలుగు కొంత తగ్గే మాట నిజమే గానీ, అసలు మారేది ఆ వెలుగు పడే చోటు.

కాలిపోయిన హెచ్‌4 బల్బు మెకానిక్ దగ్గర ఉంటే అడిగి తీసుకుని, గాజులోకి పరకాయించి చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే సన్నటి తీగలు, ఉంటాయి. ఒకదాని చుట్టూ ఏ అడ్డూ ఉండదు. ఇది హై బీమ్‌ది. వెనక గిన్నెలా వంపు తిరిగిన రిఫ్లెక్టర్‌కి సరిగ్గా నాభి (ఫోకస్) దగ్గర కూర్చుంటుంది కాబట్టి, రిఫ్లెక్టర్ మొత్తం దీని వెలుగును తిన్నగా ముందుకు, దూరానికి తోస్తుంది. రెండోది నాభికి కొంచెం ముందుంటుంది. దాని కింద చిన్న గరిటెలాంటి లోహపు రేకు ఉంటుంది. నాభి కంటే ముందున్న దీపం వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికి తగిలితే కిందికి వంగుతుంది, కింది సగానికి తగిలితే పైకి లేస్తుంది. పైకి లేచేదే ఎదుటివాడి కళ్లలో పడేది. ఆ రేకు కింది సగానికి వెలుగు పోకుండా ఆపేస్తుంది. మిగిలిందంతా రోడ్డు మీదికే వంగుతుంది. 1971లో వచ్చిన ఏర్పాటు ఇది, ఇప్పటికీ లక్షల బండ్లు దీనితోనే నడుస్తున్నాయి. రెండు ఫిలమెంట్ల మధ్య కరెంటు దారి మారడమే తప్ప ఇందులో కదిలేదేమీ లేదు, అందుకే ముందు నుంచి చప్పుడు రాదు.

మీ బావగారి కారులో ఉన్నది ప్రొజెక్టర్ అయి ఉండాలి. అందులో వెలిగేది ఒకటే దీపం, దాని ముందు ఒక గుండ్రటి కటకం. రెండింటి మధ్య ఒక చిన్న రేకు నిలబడి ఉంటుంది. కటకం దేన్నైనా తలకిందులు చేసి చూపిస్తుంది కాబట్టి, కింద అడ్డుగా ఉన్న రేకు రోడ్డు మీద పై భాగంలో చీకటై పడుతుంది. గోడ మీద లైటు వేస్తే కత్తితో కోసినట్టు కనిపించే గీత ఆ రేకు అంచే. హై బీమ్ వేయగానే ఒక చిన్న విద్యుదయస్కాంతం రేకును పక్కకు లాగేస్తుంది. మీరు విన్న 'టక్' అదే. డిప్ చేయగానే స్ప్రింగు రేకును మళ్లీ నిలబెడుతుంది. అయస్కాంతానికి కరెంటు అందకపోయినా రేకు డిప్‌లోనే నిలుస్తుంది. ఎదుటివాడి క్షేమం చూసి చేసిన ఈ ఏర్పాటంటే నాకు ఎంతో గౌరవం.

ఇక స్టీరింగు పక్కనున్న లివర్ సంగతి. రెండు వైపుల డిప్ ఫిలమెంట్లూ కలిసి దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. పాత మోడళ్లు కొన్నిటిలో ఆ కరెంటంతా లివర్ స్విచ్చిలోంచే పోయేది, కాంటాక్టులు మాడిపోయేవి. తర్వాతి బండ్లలో లివర్ చిన్న కరెంటుతో రిలే అనే మరో స్విచ్చికి కబురు పెడుతుంది, బరువంతా రిలే మోస్తుంది. ఇప్పటి కార్లలో ఆ కబురు ముందు కంప్యూటర్‌కి వెళ్తోంది. అంతకు ముందు కాలపు జీపుల్లో డిప్ స్విచ్చి చేతికి కాదు, ఎడమ కాలికి అందేలా నేల మీద ఉండేది.

వెలుగు చాలడం లేదని హెచ్‌4 తీసేసి ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. అప్పటి నుంచి నేను డిప్‌లోనే ఉన్నా ఎదురొచ్చే లారీలు నాకు డిప్పర్ కొడుతున్నాయి. హెడ్‌లైట్ పై సగానికి నల్ల స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందా? (ఒంగోలు పాఠకుడు)

స్టిక్కర్ వద్దు. పైన చెప్పిన సంగతి ఇక్కడే పనికొస్తుంది. హెచ్‌4 హెడ్‌లైట్‌లో డిప్ వెలుగు తయారయ్యేది రిఫ్లెక్టర్ పై సగంలోనే. అక్కడ నలుపు వేస్తే మీకు కావలసిన డిప్ సన్నగిల్లుతుంది, హై బీమ్‌లో కింది సగం మామూలుగానే కొడుతుంది.

తప్పు మీ డ్రైవింగులో లేదు, బల్బులో ఉంది. రిఫ్లెక్టర్‌ని కొలిచి చేసింది సన్నటి ఫిలమెంట్ కోసం. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు ఒక పట్టీకి అటూ ఇటూ అతికించి ఉంటాయి. ఫిలమెంట్ ఉండాల్సిన చోటికి ఒక్క మిల్లీమీటరు తప్పినా డిప్ గీత చెదిరిపోతుంది, వెలుగు పైకి చిమ్ముతుంది. పైగా అలాంటి బల్బులు కారు ముందు పది అడుగులను పట్టపగల్లా చేస్తాయి. ఆ తెల్లదనానికి అలవాటుపడిన కన్ను దూరాన నడిచివెళ్లే మనిషిని పోల్చుకోలేదు. 'బాగా కనిపిస్తోంది' అన్న ఆ భరోసాయే నన్ను భయపెడుతుంది.

మంచి కంపెనీ 60/55 హాలోజెన్‌కే, అంటే మామూలు హెచ్‌4 బల్బుకే, తిరిగి రండి. 100/90 వాట్లవి ఎవరు చెప్పినా వేయించొద్దు, హోల్డర్లు కరిగిపోతాయి. వెలుగు తక్కువగా ఉంటే ముందు బల్బు దగ్గర వోల్టేజీ కొలిపించండి. హాలోజెన్‌కి వోల్టేజీ 10 శాతం పడితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. తుప్పుపట్టిన ఎర్తు, పాత వైర్లు చాలాసార్లు ఇంత నష్టం చేస్తాయి. రిలేతో కొత్త వైరింగు వేయిస్తే అదే బల్బు వేరేలా వెలుగుతుంది. పసుపుబారిన హెడ్‌లైట్ అద్దాన్ని పాలిష్ చేయించండి.

తర్వాత గోడ పరీక్ష. టైర్లలో గాలి సరిచూసి, చదునైన చోట కారును గోడకు 5 మీటర్ల దూరంలో నిలపండి. డ్యాష్‌బోర్డు దగ్గర 0, 1, 2, 3 అంకెల చక్రం ఉంటే 0లో పెట్టండి. హెడ్‌లైట్ మధ్యభాగం నేలకు ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో అంత ఎత్తులో గీయండి. డిప్ వేస్తే దాని పై గీత సుద్ద గీతకు సుమారు 5 సెంటీమీటర్లు దిగువన పడాలి. మీ హెడ్‌లైట్ మీద డిప్ ఎంత వాలుగా పడాలో చెప్పే అంకె 1.0% అని ఉంటే ఇదే లెక్క, అంకె వేరైతే దాన్ని బట్టి మార్చుకోండి. ఇక ఆ చక్రం ఉన్నది అలంకారానికి కాదు. వెనక నలుగురు ఎక్కి, డిక్కీ నిండితే కారు ముక్కు పైకి లేస్తుంది, డిప్ కూడా ఎదుటివాళ్ల ముఖం మీదే పడుతుంది. అప్పుడు చక్రాన్ని పెద్ద అంకెకు తిప్పాలి.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. నా కారు మోడల్‌కే అక్కడ మంచి హెడ్‌లైట్ సెట్ దొరుకుతోందట, సంక్రాంతికి తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

వద్దని చెప్పండి. డిప్ వెలుగు రెండు వైపులా సమానంగా ఉండదు. మనం ఎడమన నడుస్తాం కాబట్టి మన హెడ్‌లైట్లు ఎడమ అంచు మీదికి కొంచెం ఎత్తుగా, దూరంగా వెలుగునిస్తాయి, కుడివైపు అణిగి ఉంటాయి. అమెరికా లైట్లు దీనికి తిరగేసి. ఆ సెట్ మీ కారుకు చక్కగా బిగుసుకున్నా, డిప్‌లో ఎత్తుగా ఉండే భాగం ఎదురొచ్చేవాళ్ల కళ్లకే గురిపెడుతుంది. స్క్రూలు తిప్పితే అది పోదు.

కుడివైపు డిప్ వెలగడం లేదు, హై బీమ్ వెలుగుతోంది. స్విచ్చి పోయిందా?

ఒక్క వైపే అయితే తొంభై పాళ్లు బల్బే, డిప్ ఫిలమెంట్ తెగి ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి పాడవుతుంది. బల్బు చుట్టూ ఉన్న మూడు చెవుల్లో ఒకటి వెడల్పుగా ఉంటుంది, అది పై గాడిలో కూర్చుంటేనే క్లిప్పు వేయండి. రెండు వైపులా ఒకేసారి పోతే అప్పుడు ఫ్యూజు, రిలే, కాంబినేషన్ స్విచ్చి (స్టీరింగు పక్కనున్న లివర్‌ది) చూడాలి.

కొత్త కారులో ఆటో హై బీమ్ ఉంది. విజయవాడ హైవే మీద దాన్ని నమ్మి వదిలేయవచ్చా? (హైదరాబాద్ పాఠకురాలు)

ఇది కొత్త ఆలోచనేం కాదు. జనరల్ మోటార్స్ 1952లోనే డ్యాష్‌బోర్డు మీద కాంతిని పసిగట్టే గొట్టం పెట్టి 'ఆట్రానిక్ ఐ' పేరుతో అమ్మింది. మీ కారులో ఆ పని ముందు అద్దం వెనకున్న కెమెరా చేస్తుంది. అది ప్రధానంగా వెతికేది ఎదుటి బండ్ల తెల్ల లైట్లు, ముందు పోయేవాటి ఎర్ర లైట్లు. లైట్లు లేని సైకిలు, రోడ్డు దాటే మనిషి, రిఫ్లెక్టర్ లేని ట్రాలీ దానికి లెక్కలోకి రాకపోవచ్చు. డివైడర్ మీద గన్నేరు చెట్లు గుబురుగా ఉన్నచోట ఇంకో చిక్కుంది. అవతలి లారీ లైట్లు ఆకుల చాటున ఉండి కెమెరాకు అందవు, ఎత్తున కూర్చున్న డ్రైవరు కళ్లలో మాత్రం మీ హై బీమ్ పడుతూనే ఉంటుంది. ట్రాఫిక్ పలచగా ఉన్న చోట వాడండి. చెట్ల డివైడరు, వంపులు, ఊళ్లు వచ్చినప్పుడు లివరుతో మీరే డిప్ చేయండి.