అల్లుడికి ఉత్తరం: డిస్కులు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి

పటమట, విజయవాడ
అక్టోబరు చివరి వారం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాడు ఏవో ప్లాస్టిక్ పళ్లేలు తెప్పించుకున్నాడు. బ్రాడీపేటలో వీధి మధ్య నిలబడి విసిరితే ఎదురింటివాళ్ల స్కూటర్ అద్దం పగిలింది. ఇదంతా నీ చలవే" అని దులిపేసింది. నిజమే, ఆ తప్పు నాది. అమెరికాలో షార్లెట్ నుంచి తిరిగొచ్చినప్పుడు నీకు డిస్క్ గోల్ఫ్ రుచి చూపించింది నేనే, డిస్కును చేత్తో విసిరి వీలైనన్ని తక్కువ విసుర్లలో గురికి చేర్చే ఆట. ఇప్పుడు నువ్వు "ఎక్కడ ఆడాలి మామయ్యా?" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టావు. జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

గురులు అమర్చిన చోటు, అంటే కోర్సు, ఉంటే తప్ప ఆట లేదనుకోకు. కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో మొదటి శాశ్వత కోర్సు పెట్టినప్పుడు బుట్టలూ లేవు, గొలుసులూ లేవు. పాతిన గుంజలకు తగిలిస్తే లెక్క. గొలుసుల బుట్ట తర్వాత వచ్చింది. దాన్ని తయారుచేసిన ఎడ్ హెడ్రిక్ 1976లో ఈ ఆటకు సంఘం కూడా పెట్టాడు. మన నాగార్జునా యూనివర్సిటీ పుట్టిందీ ఆ ఏడే. డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఏళ్లు చేశాను కదా, ఇలాంటి లెక్కలు బుర్రలో ఉండిపోతాయి. నేను చెప్పేదేమిటంటే మనకు గుంజ కూడా అక్కర్లేదు, చెట్టు చాలు. ఈ చెట్టు దగ్గర నిలబడు, ఆ చెట్టును గురి పెట్టు, ఎన్ని విసుర్లకు తగిలిందో లెక్క పెట్టు. తొమ్మిది చెట్లు ఎంచుకుంటే తొమ్మిది హోళ్ల కోర్సు.

ఊళ్లో మైదానాల సంగతి తొందరగా తేల్చేస్తాను. విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ గ్రౌండుకు వెళ్లినా పొద్దున వాకింగువాళ్లు, సాయంత్రం క్రికెట్ పిల్లలు. నువ్వు విసిరేది సుమారు 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్, అంచు పదునుగా ఉంటుంది. షుగర్ తగ్గించుకుందామని నడుస్తున్న పెద్దాయన నుదుటికి తగిలితే నువ్వూ నేనూ కలిసి స్టేషన్‌కి వెళ్లాలి. కాబట్టి గ్రౌండులో ఒక మూల పుట్టింగు, అంటే దగ్గర్నుంచి గురికి వేయడం, మాత్రమే. పది మీటర్ల దూరం నుంచి రోజుకు వంద విసుర్లు. పది మీటర్లని ఎందుకంటే, గురి చుట్టూ ఆ దూరం దాకా ఉండే వలయం లోపల విసిరాక కాళ్లు కుదురుగా నిలిపి ఆ తర్వాతే ముందుకు అడుగెయ్యాలని నియమం. మొదట్లోనే అలవాటు చేసుకో.

పుట్టింగుకు మాత్రం బుట్ట ఉంటే బాగుంటుంది. గొలుసు డిస్కు ఊపును మింగేసి కింద పడేస్తుంది, చెట్టయితే తిప్పికొడుతుంది. నా బుట్ట ఆటోనగర్‌లో చేయించిందే. పాత సైకిల్ రిమ్ములు రెండు, సన్న గొలుసులు, కింద జల్లెడ, మధ్యలో పైపు. కింది బుట్ట పైఅంచు నేలకు 82 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలని చెప్పాను. వెల్డింగ్ కుర్రాడు అరగంట నన్నే చూసి, "ఇది కోళ్లకా మాస్టారూ?" అని అడిగాడు.

ఇక అసలు చోట్లు. ఈ నెలలో అయితే నూజివీడు వైపు మామిడి తోటలే. విజయవాడ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. పాత తోటల్లో చెట్టుకీ చెట్టుకీ ముప్పై అడుగులు వదిలి నాటారు. ఆ వరసల మధ్య నిలబడితే ఎవరో మనకోసమే దారులు వేసినట్టుంటుంది. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి డిస్కును ఎత్తుగా లేపడానికి కుదరదు, ఛాతీ ఎత్తు దాటకుండా పోనివ్వాలి. నీలాంటి కుర్రాళ్లందరికీ ఒకటే జబ్బు, బలమంతా పెట్టి ఆకాశంలోకి విసరడం. దాన్ని నా మాట కుదర్చలేదు, మామిడి కొమ్మ కుదురుస్తుంది. పది విసుర్లు ఆకుల్లో ఇరుక్కున్నాక చెయ్యి దానంతట అదే దిగుతుంది.

ఇరుక్కున్న డిస్కు కోసం కొమ్మ పట్టుకుని ఊపకు. మామిడి ఆకులు కలిపి కుట్టుకుని ఎర్రచీమలు గూళ్లు కడతాయి. నేను ఒకసారి ఊపాను. చొక్కా విప్పి తోటంతా పరిగెత్తాను, మీ అత్తయ్య కారులో కూర్చుని నవ్వుతూనే ఉంది. పొడుగు గెడ ఒకటి వెంట పెట్టుకో. వానాకాలం గడ్డి ఇంకా ఉంటుంది కాబట్టి పడిన డిస్కు మీద ముందు ఆ గెడతో తట్టి, తర్వాతే చెయ్యి పెట్టు. పాము ఉంటే పోతుంది. డిస్కు రంగు కూడా చూసుకో. నువ్వు కొన్న ఆకుపచ్చది తోటలో పడితే వచ్చే ఉగాదికి దొరుకుతుంది. నారింజ రంగుదో గులాబీ రంగుదో కొనుక్కో.

తోటకు అనుమతి సంగతి కూడా విను. తోట ఒకరిది, కాయ ఇంకొకరిది. పూత దశలోనే చాలా తోటలు గుత్తకు పోతాయి. తోట ఆసామి మనకు బంధువైనా సరే, గుత్తదారు కాపలా మనిషి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. సంక్రాంతి దగ్గర్నుంచి కోతలు అయ్యేదాకా, అంటే జూన్ వరకూ అటువైపు చూడకు. జూలై నుంచి డిసెంబరు లోపు మనది.

మామిడి మూతపడ్డాక సూర్యలంక వైపు దిగాలి. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన చోటు అదే. మీ గుంటూరు నుంచి 60 కిలోమీటర్లుంటుంది. బీచి కోసం కాదు, బాపట్ల నుంచి చీరాల దాకా తీరం వెంట ఉన్న సరుగుడు తోటల కోసం. తోట లోపల మొక్కలు మరీ ఒత్తుగా ఉంటాయి, డిస్కు దూరదు. కానీ రెండు తోటల మధ్య ఇసుక డొంకలుంటాయి చూడు, పదీ పదిహేను అడుగుల వెడల్పు, రెండు పక్కలా సరుగుడు గోడలు, పైన సన్నగా ఆకాశం. ఆ డొంకలో తిన్నగా విసరగలిగిన రోజున నీకు ఆట వచ్చినట్టే. డిస్కు ఏ మాత్రం వంకర పోయినా ఠక్కుమని మొద్దుకు తగిలి అక్కడే పడిపోతుంది. కింద సరుగుడు ఆకు సూదుల్లా రాలి పరుచుకుని ఉంటుంది. దాని మీద డిస్కు జారి ఇంకో నాలుగు గజాలు పోతుంది, అదీ లెక్కలో పెట్టుకో. సరుగుడును మూడు నాలుగేళ్లకే కొట్టేస్తారు. పోయినేడు నేను ఆడిన డొంక పక్కన ఈ ఏడు ఉత్త మోళ్లే ఉన్నాయి. వెళ్లినప్పుడల్లా కొత్త డొంక వెతుక్కోవాలి, ఆ రైతును కొత్తగా అడగాలి.

గాలి గురించి నేర్చుకోవాలంటే అక్కడే ఇసుక ఒడ్డుకు వెళ్లు. తెల్లారి గాలి పెద్దగా ఉండదు. పదకొండు దాటాక సముద్రం మీంచి మొదలవుతుంది. నీది కుడిచేతి వాటం. చేతిని ఛాతీ మీదుగా లాగి విసిరితే మామూలుగా చివర్లో డిస్కు ఎడమకు వంగి పడుతుంది. అదే విసురు ఎదురుగాలిలో విసురు, కుడికి తిరిగి ఎటో పోతుంది. గాలి ఎదురైతే డిస్కుకు తన వేగం ఎక్కువైనట్టే లెక్క. వెనుక గాలయితే తొందరగా కూలబడి ఇంకా ఎడమకు పోతుంది. ఎదురుగాలికి కొంచెం మొండి డిస్కు, అంటే కుడికి సులువుగా తిరగనిది, తీసుకో, కిందుగా విసురు. నీ డిస్కు మీద నాలుగు అంకెలున్నాయి కదా: వేగం, తేలడం, మొదట కుడికి తిరగడం, చివర ఎడమకు వంగడం. మూడో అంకెకు మైనస్ ఎంత ఎక్కువుంటే ఎదురుగాలిలో అంత ఏడిపిస్తుంది. కార్తీక పౌర్ణమికి మాత్రం అటు పోకు, సముద్రస్నానాలకు ఇసుక వేస్తే రాలనంత జనం. ఎయిర్‌ఫోర్స్ స్థలం దగ్గరికి ఎప్పుడూ పోకు.

మన కృష్ణమ్మ సంగతి అడుగుతావు. ఎండాకాలం బ్యారేజీ దిగువన తిన్నెలు తేలతాయి, చూస్తే నోరూరుతుంది. మెత్తటి ఇసుక, డిస్కు పడ్డచోటే ఉంటుంది, కొత్తవాళ్లకు బంగారం లాంటి నేల. అయినా నిన్ను ఒంటరిగా వెళ్లనివ్వను. ఇసుక తవ్విన గోతుల్లో నీళ్లు నిలిచి పైకి చదునుగా కనిపిస్తాయి, అడుగు వేస్తే నిలువు లోతు. ఏటా ఎవరో ఒకరి పిల్లలు పోతూనే ఉన్నారు. నీళ్ల మీదుగా అసలు విసరకు. తేలే డిస్కులు ఉన్నాయి గానీ ఎక్కువ భాగం మునిగేవే. పుట్టింగుకు వాడే నా మొదటి డిస్కు, అంటే పుట్టరు, ఇన్నోవా కంపెనీ వాళ్ల ఏవియారు, ఇప్పుడు బందరు కాలువ అడుగున ఉంది. దానికోసం ఎవరూ దిగక్కర్లేదు, నువ్వు అసలే దిగక్కర్లేదు.

భవానీ ఐలాండులో చెట్లు బాగానే ఉన్నాయి. ఆదివారాలు, కార్తీక వనభోజనాల రోజులు వదిలేసి పని రోజున పొద్దున్నే వెళితే ఒక మూల దొరకవచ్చు, నిర్వాహకులను అడిగి మరీ ఆడాలి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద తర్వాత వానాకాలంలో నేను ఆ పడవ ఎక్కడం మానేశాను. కొండవీడు గురించి చెప్పడం మొదలుపెడితే ఈ ఉత్తరం నిజంగానే కొండవీటి చాంతాడు అవుతుంది. కోట గోడల దగ్గర విసిరే ఆలోచన పెట్టుకోకు, అంతే.

పొలాల గురించి గట్టిగా చెప్పాలి. కోతలయ్యాక వరిచేలు ఖాళీగా కనిపిస్తాయి, ఖాళీ కాదు. వరి కోయకముందే తడి నేలలో మినుము చల్లేస్తారు. కొయ్యకాళ్ల మధ్య నువ్వు తొక్కేది రైతు రెండో పంట. అలాగే ఫిబ్రవరి నుంచి మీ గుంటూరు చుట్టూ మిర్చి కల్లాలు. ఒకసారి నా డిస్కు గాలికి తేలి ఒక కల్లం మధ్యలో పడింది. తీసుకుందామని నాలుగడుగులు వేశాను, కాయలు కాలికింద పటపటలాడాయి. ఆ రైతు కేకలేయలేదు. "మాస్టారూ, తొక్కిన కాయ తాలు కింద పోతుంది" అన్నాడు. తాలుకాయకు యార్డులో ఎంత ధర పడిపోతుందో నీకు నేను చెప్పాలా? చెప్పులు విప్పి, వాళ్లతో కూర్చుని మధ్యాహ్నం దాకా కాయలు ఏరాను. చేతుల మంట రెండు రోజులు తగ్గలేదు.

వచ్చే ఏడు షార్లెట్‌లో మీ వదిన దగ్గరికి వెళతానంటున్నావు కాబట్టి ఆ ముక్క కూడా. అక్కడ ఈ కష్టాలేవీ లేవు. చాలా కోర్సులు మునిసిపల్ పార్కుల్లోనే ఉంటాయి, బుట్టలు పాతే ఉంటాయి. ముందు హార్నెట్స్ నెస్ట్ పార్కుకు వెళ్లు. అడవిలో దారులు, సూర్యలంక డొంకల్లో నేర్చిన చెయ్యి అక్కడ పనికొస్తుంది. డిసెంబరులో వెళితే రాలిన ఆకుల కింద డిస్కు మాయమవుతుంది, పడిన చోటు కన్నార్పకుండా చూసుకో. తర్వాత కారులో ముప్పావుగంటలో రాక్‌హిల్. అక్కడ విన్‌త్రాప్ యూనివర్సిటీ చెరువు చుట్టూ 1999 నుంచి అమెరికా చాంపియన్‌షిప్ పోటీలు జరుగుతున్నాయి. పోటీలప్పుడు పసుపు తాళ్లు కట్టి హద్దులు పెడతారు, హద్దు దాటితే ఒక విసురు జరిమానా. చెరువు గట్టు మీద నిలబడి చూస్తే పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా దూరం సంగతి వదిలేసి తాడు లోపల పడితే చాలనుకుంటూ విసురుతారు. ఓపికుంటే జార్జియాలో ఆప్లింగ్ వరకు మూడు గంటల ప్రయాణం. హెడ్రిక్ పెట్టిన ఆ సంఘం ముఖ్య కార్యాలయం, మ్యూజియం, ఆయన పేరు మీద ఒక కోర్సు అక్కడున్నాయి. ఆయన 2002లో పోయాక ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను డిస్కుల ప్లాస్టిక్‌లో కలిపారు. మీ అత్తయ్యకు ఈ సంగతి చెబితే "నీకు అలాంటి ఆలోచనలు పెట్టుకోకు, నాకు కృష్ణ చాలు" అంది.

ఎదురింటివాళ్లకు కొత్త అద్దం వేయించి, నువ్వే వెళ్లి ఇచ్చిరా. వచ్చే ఆదివారం తెల్లవారుజామున నువ్వు విజయవాడ రా, ఇక్కణ్ణుంచి నూజివీడు పోదాం. తోట ఆసామితో మాట్లాడి పెట్టాను, ఆయనకు ఒక కిలో పూతరేకులు కొనాలి. పుట్టరు, మధ్య దూరానికి వాడే మిడ్‌రేంజి డిస్కు చాలు, దూరపు విసుర్లకు వాడే ఆ పెద్ద డ్రైవరు డిస్కు ఇంట్లో వదిలెయ్. కాళ్లు కప్పే ప్యాంటు, బూట్లు వేసుకో. మీ అమ్మ గోంగూర పచ్చడి పెట్టి ఉంటే ఒక సీసా తీసుకురా, అడిగింది నేనని చెప్పకు.

మీ మామయ్య