క్యాన్సర్ ప్రొటీన్ల పరిశోధనకు ఏ ఎమ్మెస్సీ?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి కెమిస్ట్రీ, జువాలజీతో బీఎస్సీ చివరి ఏడాదిలో ఉంది. క్యాన్సర్‌లో ప్రొటీన్ల మీద పరిశోధన చేస్తానంటోంది. ‘క్యాన్సర్ బయాలజీ’ అని పేరున్న కోర్సులోనే చేర్పించాలా?

జవాబు: పేరు చూసి ఫీజు కట్టేయకండి. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఏది చదివినా ఈ రంగంలోకి రావచ్చు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో అమ్మాయి స్వయంగా శాంపిల్ తయారు చేస్తుందా, పక్కన నిలబడి చూస్తుందా? చేరేముందు అక్కడి సీనియర్లను ఈ సంగతి అడగండి.

ఈ పరిశోధనలో ఫలితాలు చెడిపోయేది చాలాసార్లు మెషీన్ దగ్గర కాదు, అంతకు ముందే. కోసి తీసిన కణితి ముక్క బల్ల మీద ఆలస్యమైతే ప్రొటీన్లకు అంటి ఉన్న ఫాస్ఫేట్లు ఊడిపోతాయి. కణానికి పెరగమని చెప్పే సంకేతాల్లో ముఖ్యమైనవి అవే. అందుకే వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల్లో దాస్తారు. తర్వాత ప్రొటీన్ తీసి, ఎంత వచ్చిందో కొలిచి, ట్రిప్సిన్‌తో ముక్కలు చేస్తారు. ఈ ఎంజైమ్ లైసీన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నచోట కోస్తుంది. ఆ ముక్కల్ని మాస్ స్పెక్ట్రోమీటర్ తూచి ఏ ప్రొటీనో పట్టిస్తుంది. ప్రొటీన్ తీయడానికి వాడిన ఎస్‌డీఎస్ డిటర్జెంట్ సరిగా పోకపోతే సిగ్నల్ పడిపోతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే కణితి ప్రొటీన్లతో పాటు మన చర్మం తాలూకు కెరాటిన్ కూడా లెక్కలోకి వస్తుంది. రక్తంతో ఇంకో చిక్కు: ప్లాస్మా ప్రొటీన్లలో సుమారు సగం అల్బుమినే. ముందు దాన్ని తగ్గించకపోతే కణితి నుంచి వచ్చిన కొద్దిపాటి ప్రొటీన్ కంటికి ఆనదు.

ప్రొటీన్లను జెల్ మీద విడదీసి, కావలసినదాన్ని యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ కూడా చేతికి రావాలి. సాధారణంగా జెల్‌లో ఒక్కో లేన్‌లో (ఒక్కో శాంపిల్ నడిచే వరుసలో) 20-30 మైక్రోగ్రాముల ప్రొటీన్ వేస్తారు. పోలికకు ఆధారంగా చూసే యాక్టిన్ ప్రొటీన్ బ్యాండ్లు అన్ని లేన్లలో సమంగా లేకపోతే మిగతా పోలికకు విలువ లేదు. దీంతో పాటు స్టాటిస్టిక్స్, డేటా విశ్లేషణకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే ఇంట్లో మొదలుపెట్టవచ్చు.

ఎమ్మెస్సీకి జామ్ బయోటెక్నాలజీ పేపర్, గాట్-బి, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయించండి. ఆ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. భువనేశ్వర్ ఐఎల్‌ఎస్, హైదరాబాద్ సీసీఎంబీ, నవీ ముంబై యాక్ట్రెక్ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ముందే లెక్కలో పెట్టుకోండి.

అంతకాలం ఇంట్లో వీలుకాకపోతే పాథాలజీ ల్యాబ్ వైపు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో హెర్-2 అనే ప్రొటీన్ ఎంత ఉందో రంగు వేసి చూసే స్టెయినింగ్ అక్కడ రోజువారీ పని. పాథాలజిస్ట్ స్కోరు 2+ ఇస్తే హెర్-2 జన్యువును చూసే ఫిష్ పరీక్షకు పంపుతారు, ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇవ్వాలా వద్దా అనేది దాన్నిబట్టే తేలుస్తారు. అదీ క్యాన్సర్ ప్రొటీన్ పనే.