ఒప్పందంపై సంతకం లేకపోతే శరణార్థికి రక్షణ లేనట్టేనా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. చంద్రగిరి టిబెటన్ కాలనీలో మొక్కజొన్న పండించే మా మిత్రుడొకరు 1985లో అక్కడే పుట్టారు. శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు కనుక అలాంటి వారిని ఎప్పుడైనా వెనక్కి పంపేయవచ్చని ఇక్కడ కొందరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సంతకం చేయలేదన్నది నిజమే కాని, అందువల్ల ఎప్పుడైనా పంపేయవచ్చన్నది సరికాదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో గాని, 1967 నాటి ప్రోటోకాల్‌లో గాని భారతదేశం చేరలేదు. చేరిన దేశాలు శరణార్థుల పిల్లలకు ప్రాథమిక విద్యలో తమ పౌరుల పిల్లలతో సమానంగా చోటివ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాల వల్ల ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని 33వ అధికరణం చెబుతుంది. ఈ ఒక్క నియమం దేశాల ఆచారంగా స్థిరపడినందువల్ల సంతకం చేయని దేశాలకూ వర్తిస్తుందని అంతర్జాతీయ న్యాయ నిపుణుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

మన కోర్టుల్లో మాత్రం వాదన ఎక్కువగా రాజ్యాంగం మీదే నడుస్తుంది. సమానత్వం గురించిన 14వ, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన 21వ అధికరణాలు రక్షణ ఇచ్చేది పౌరుడికి మాత్రమే కాదు, ప్రతి వ్యక్తికీ. 1996లో, ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వచ్చిన చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు దీని ఆధారంగానే వారి ప్రాణాలను కాపాడే బాధ్యత అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వానిదేనని ఆదేశించింది. అయితే 2021లో, మయన్మార్ నుంచి వచ్చి జమ్మూలో ఉంటున్న రోహింగ్యాల కేసులో అదే కోర్టు, దేశంలో నివసించే హక్కు 19వ అధికరణం కింద పౌరులకే ఉంటుందని, పంపివేతను ఆపలేమని, కాని చట్టం నిర్దేశించిన పద్ధతి పాటించకుండా పంపకూడదని చెప్పింది. అందువల్ల 21వ అధికరణం ఒక్కదాన్నే చూపి ఏ శరణార్థికైనా పూర్తి భరోసా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

మీ మిత్రుడి సంగతి వేరు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ గడ్డపై పుట్టినవారు, తల్లిదండ్రులు ఏ దేశస్థులైనా, పౌరసత్వ చట్టం 3వ సెక్షన్ ప్రకారం పుట్టుకతోనే భారత పౌరులు. 2010లో ఒక టిబెటన్ యువతి పాస్‌పోర్టు కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ సంగతినే స్పష్టం చేసింది. అంటే చట్టం దృష్టిలో ఆయన శరణార్థి కాదు, మీలాగే భారత పౌరుడు. ఆయన పిల్లలు 2004 డిసెంబర్ 3కు ముందు పుట్టి ఉంటే తండ్రి పౌరసత్వం సరిపోతుంది. ఆ తర్వాత పుట్టినవారికైతే తల్లి అక్రమ వలసదారు కాకూడదన్న షరతు కూడా ఉంది.

ఆయన ముందుగా జనన ధ్రువపత్రం సంపాదించాలి. ఆనాడు నమోదు చేయించకపోయి ఉంటే ఆలస్యపు నమోదుకు చట్టంలో అవకాశం ఉంది. పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (టిబెటన్లు ఇక్కడ నివసించడానికి ప్రభుత్వం ఇచ్చే పత్రం) గడువు దాటనివ్వవద్దని, న్యాయవాదిని సంప్రదించకుండా దాన్ని ఎవరికీ అప్పగించవద్దని ఆయనకు తప్పక చెప్పండి.