సన్మానపత్రం అచ్చుకు వెళ్ళే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాతతరం గాయనీగాయకులకు సభ చేయబోతున్నవాళ్ళవే. ఒకే రకం సందేహాల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: పి.సుశీల గారి పుట్టినరోజుకి మా సంఘం తరఫున పాటల సభ చేస్తున్నాం. ఆమె జాతీయ అవార్డుల సంవత్సరాలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. సన్మానపత్రంలో ఏవి వేయాలి? (విజయనగరం)

జవాబు: తిరకాసంతా లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్న దాంట్లో ఉంది. జాతీయ చలనచిత్ర పురస్కారం ఫలానా సంవత్సరపు సినిమాలకని ఇస్తారు. చేతికి అందేది మరుసటి ఏడో, ఆ పై ఏడో. ఒకరు సినిమా సంవత్సరం వేస్తారు, ఇంకొకరు ప్రదానం చేసిన సంవత్సరం వేస్తారు. రెండు జాబితాల్నీ కలిపి కాపీ కొట్టినవాళ్ళు ఐదు అవార్డుల్ని ఆరో ఏడో చేస్తారు. పత్రం మొత్తానికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి: 'ఫలానా సంవత్సరానికి గాను'.

ఆ లెక్కన 1968కి తమిళ 'ఉయర్న్ద మనిదన్', 1971కి తమిళ 'సవాలే సమాళి', 1976కి 'సిరిసిరిమువ్వ', 1982కి 'మేఘసందేశం', 1983కి 'ఎం.ఎల్.ఏ. ఏడుకొండలు'. అంటే తమిళానికి రెండు, తెలుగుకి మూడు. ఉత్తమ నేపథ్య గాయని విభాగంలో మొట్టమొదటి అవార్డు ఆమెదే. పత్రంలో రాయాల్సిన అసలు మాట ఇది. దీన్ని వదిలేసి 'గానకోకిల, గానసరస్వతి, స్వరసామ్రాజ్ఞి' అంటూ బిరుదులతో నాలుగు వరుసలు నింపేస్తుంటారు.

పాటల సంఖ్య దగ్గరా జాగ్రత్త. గిన్నిస్ వారు 2016లో నమోదు చేసింది 17,695. సోలోలు, యుగళాలు, బృందంతో పాడినవి కలిపి వచ్చిన లెక్క అది. 'నలభై వేలు' అని ఎవరైనా చెబితే ఆధారం అడగండి, దొరక్కపోతే వేయకండి. మిగిలినవి: జననం 1935 నవంబర్ 13, విజయనగరం. సినిమా ప్రవేశం పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో, 1953 నాటి 'కన్నతల్లి'తో. రఘుపతి వెంకయ్య అవార్డు 2001, పద్మభూషణ్ 2008.

పత్రం 150 మాటలు దాటితే వేదిక మీద చదవడానికి రెండు నిమిషాలు మించుతుంది, హాల్లో గుసగుసలు మొదలవుతాయి. ప్రూఫు ఇద్దరు చూడాలి: ఒకరు అక్షరాలు, ఒకరు అంకెలు. ఫ్రేము కట్టించాక తప్పు దొరికితే చేసేదేమీ లేదు.

ప్రశ్న: ఆహ్వానపత్రికలో పేరుకు ముందు 'పద్మభూషణ్' అని వేయవచ్చా? (గుంటూరు)

జవాబు: వేయకూడదు. అందరూ వేస్తున్నారన్నది నిజమే. కానీ పద్మ పురస్కారం బిరుదు కాదు. పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించకూడదని బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆహ్వానాలకీ పోస్టర్లకీ లెటర్‌హెడ్లకీ కూడా ఇదే వర్తిస్తుంది. పేరు విడిగా వేసి, కింద వాక్యంలో 'పద్మభూషణ్ పురస్కార గ్రహీత' అని రాసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ట్రాకుల (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉండే రికార్డుల) మీద పాడిస్తున్నాం. పల్లవి హాయిగా వస్తుంది, చరణంలో అమ్మాయిల గొంతు చిట్లుతోంది. (తెనాలి)

జవాబు: శ్రుతి పల్లవిని బట్టి ఎంచుకున్నారు, అదీ సంగతి. పాత పాటల్లో పై స్వరాలు చాలాసార్లు చరణం మూడో పాదంలోనో, నాలుగో పాదంలోనో ఉంటాయి. ముందు ఆ పాదం ఒక్కటే పాడించి, గొంతు బిగియకుండా వచ్చే శ్రుతి చూసుకోండి. తర్వాత పల్లవి కింది స్వరాలు వినపడుతున్నాయో లేదో సరిచూడండి.

ట్రాకుని ఒక శ్రుతి వరకు, అంటే హార్మోనియం మీద రెండు మెట్లు దించవచ్చు. అంతకు మించితే వేణువు వేణువులా ఉండదు, తబలా డొల్లగా మోగుతుంది. ఇంకా దించాలంటే వాద్యబృందాన్ని పెట్టుకోవాల్సిందే. యుగళమైతే మరో చిక్కు: అమ్మాయి కోసం దించారా, అబ్బాయి మంద్రస్థాయి (కింది స్వరాలు) మాయమవుతుంది. అటువంటి పాటను వేరే జంటకివ్వడం మేలు.

పాత రికార్డుల నుంచి తీసిన ట్రాకులకు ఇంకో జబ్బుంది. డిస్కు, టేపు వేగాల తేడా వల్ల శ్రుతి ఒకటిన్నర శ్రుతికీ రెండో శ్రుతికీ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. దాని మీద హార్మోనియం పెడితే కలవదు. కీబోర్డులో ట్యూనింగ్ సరిచేసుకునే వీలుంటుంది, రిహార్సల్‌లోనే చేసి ఆ అంకె రాసిపెట్టుకోండి.

ప్రశ్న: ఎనభై దాటిన గాయకుణ్ణి పిలుస్తున్నాం. సభ రెండున్నర గంటలు. ఎన్ని పాటలు పెట్టవచ్చు? (వరంగల్)

జవాబు: సన్మానానికీ ఉపన్యాసాలకూ 35 నిమిషాలు తీసేస్తే మిగిలేది 115. పాట, పరిచయం, మైకుల మార్పు కలిపి ఆరేసి నిమిషాలు. పంతొమ్మిది పాటలు, అంతే. ముప్పై పెట్టుకున్నవాళ్ళు పెద్దాయన్ని రాత్రి పది దాకా కూర్చోబెడతారు. సన్మానం మొదటి అరగంటలోనే చేసేయండి. తర్వాత ఉండాలో వెళ్ళాలో ఆయన ఇష్టం.

కుర్చీకి చేతులుండాలి, సోఫా వద్దు. అందులో కూరుకుపోతే లేవడం కష్టం. మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ లేకపోతే ర్యాంపు వేయించండి. గజమాల మెడలో వేయకండి, చేతికి తాకించి పక్కన పెట్టండి. వేదిక మీద పొగ యంత్రం అసలొద్దు. 'రెండు పాదాలు పాడండి' అని మైకులో అడగడం మర్యాద కాదు, ముందే ఇంట్లో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: పాతపాటలే కదా, లైసెన్సు కావాలా? (హైదరాబాద్)

జవాబు: సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. కాబట్టి 1953 నాటి రికార్డు మీద ఆ హక్కు తీరిపోయింది. సాహిత్యం, బాణీల లెక్క వేరు: కర్త మరణించిన తర్వాత 60 ఏళ్ళు. ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీలకు 2034 చివరి దాకా రక్షణ ఉంటుంది. అందుకే వేదిక మీద పాడే సభకు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, సంగీత దర్శకుల హక్కుల సంఘం) లైసెన్సు తీసుకోండి. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా చేసే ప్రదర్శనకు చట్టంలో 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. డబ్బిచ్చి వృత్తి బృందాన్ని తెచ్చాక మాత్రం ఆ మినహాయింపు మీద ఆధారపడకండి. యూట్యూబ్‌లో పెట్టడం పూర్తిగా వేరే అనుమతి.

ప్రశ్న: మా జిల్లా సీనియర్ గాయకుడి పేరు పద్మకు మేమే పంపవచ్చా? (శ్రీకాకుళం)

జవాబు: ఎవరైనా పంపవచ్చు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో మాత్రమే. గడువు ఏటా మారుతుంది, ప్రకటన చూసుకోండి. కృషి వివరణ 800 మాటలు దాటకూడదు. ఎన్ని సభలు చేశారన్నది కాక, ఆయన లేకపోతే ఏది ఉండేది కాదో రాయండి: ఎవరికి నేర్పారు, ఏ పాటల్ని నిలబెట్టారు. ఇంకోమాట, మామూలుగా మరణానంతరం ఇవ్వరు. ఇటీవలే పోయినవారి విషయంలో అరుదుగా పరిశీలిస్తారు. 2020 సెప్టెంబర్‌లో పోయిన బాలు గారికి 2021లో పద్మవిభూషణ్ వచ్చింది అలాగే. పంపదలచుకుంటే ఈ గడువులోనే పంపండి.